గోడ మీది మూడో పేరా

ఆమె కారు నడపడం నేర్చుకున్నది యాభై నాలుగో ఏట. సరదా పుట్టి కాదు. ఒక సాయంత్రం ఆమె భర్త సొంత ఇంటి గేటు కనిపించక కారును గోడకి గుద్దించాడు. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరుండి మరీ తాళంచెవి ఆమె చేతిలో పెట్టించాడు. డ్రైవింగు నేర్పిన పెద్దమనిషి మొదటి వారమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. మూడేళ్ళు గడిచేసరికి ఆమెకి చెయ్యి తిరిగింది. ఇప్పుడు హైవే మీద లారీల మధ్యలోంచి అదురూ బెదురూ లేకుండా పోనిస్తోంది. పక్క సీట్లో ఆయన, ఇంజను చప్పుడుని బట్టి సలహాలిస్తూ.

"నాలుగో గేరు వెయ్యి."

"వేసి పది నిమిషాలైంది."

"మరి అంతలా అరుస్తోందేం?"

"అరిచేది పక్క లారీ. మన బండి నాలాంటిది, నోరెత్తదు."

మామూలుగా అయితే ఆయన పకపకా నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష హాలు ముందు కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

ఆయన చూపు అంచుల్నుంచి మూసుకుపోతోంది. గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్న కాస్త మేరే కనిపిస్తుంది. ఆ గొట్టం కూడా ఏడాదికేడాది సన్నబడుతోంది. ఈ ఏడు దాటితే వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న వారానికి ఆయన ఒక కోరిక కోరాడు.

"సముద్రం ఒడ్డున ఆ పాత కోట ఊళ్ళో అంతరిక్ష మ్యూజియం పెట్టారట. మా ఫ్యాక్టరీలో తయారైన రాకెట్టు నిలబెట్టారట. కళ్ళుండగా ఒక్కసారి చూసొద్దాం."

ఆమెకి మనసొప్పలేదు. ఆ ఫ్యాక్టరీ మాటెత్తితే ఆ ఇంట్లో గాలి బిగుసుకుపోతుంది. ఆయన అక్కడ ముప్ఫై ఏళ్ళు తనిఖీ విభాగంలో పనిచేశాడు. ఆమె తమ్ముడికి అక్కడ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. తమ్ముణ్ణి ఇంట్లో చంటి అనేవాళ్ళు. ఆరడుగులు పెరిగి, పెళ్ళాడి, ఒక ఆడపిల్లకి తండ్రయినా చంటి చంటిగానే ఉండిపోయాడు. ఇరవై ఒక్కేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, ఇంజన్ను పరీక్షించే యార్డులో ఇంధనపు పైపు పేలింది. చంటి పోయాడు. అతనితో పాటు ఇంకో ఇద్దరు. తప్పు చంటిదేనని విచారణలో తేల్చారు. పైపులో ఒత్తిడి ఉందో లేదో చూసుకోకుండా వాల్వు విప్పేశాడన్నారు. పోయిన ఆ ఇద్దరి కుటుంబాల వాళ్ళు చంటి భార్య వాకిట్లోకి వచ్చి శాపనార్థాలు పెట్టారు. ఆ పిల్ల నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఊరే మారిపోయింది.

అయినా గుడ్డివాడు కాబోతున్న మనిషి అడిగాడు. కాదనడం ఎలా? ఆమె పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మూడు రోజులు సెలవు పెట్టి బయలుదేరింది.

మధ్యాహ్నానికి ఊరు చేరారు. ఓడల మీద సరుకు దిగే కాలం నాటి ఊరు. సుంకాల కచేరీ ఇప్పుడు లాడ్జి అయింది, వీళ్ళు దిగింది అందులోనే. దాని ముందు నల్లరాళ్ళు పరిచిన వీధి, వీధి చివర కోట, కోట వెనక దీపస్తంభం. ఉప్పుగాలికి గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఆమె కనిపించినవన్నీ చెప్పుకుంటూ పోతోంది: ఎడమవైపు తాళ్ళు పేనే కొట్టు, మేడ మీద ఆరేసిన నీలం దుప్పట్లు, అరుగు మీద కునుకు తీస్తున్న పిల్లి. ఆయన ఊఁ కొడుతున్నాడు గానీ వింటున్నట్టు లేదు.

కోటలో గైడు ఒకాయన వీళ్ళని పట్టుకున్నాడు. బుర్రమీసాలు, గంట కొట్టినట్టు గొంతు. బురుజు మీద నోరు చీలిపోయిన ఫిరంగి దగ్గర ఆగాడు.

"ఈ ఫిరంగి తన జన్మలో ఒక్కసారే పేలిందండీ. అదీ వెనక్కి! శత్రువు ఒక్కడూ చావలేదు, మనవాళ్ళు అయిదుగురు పోయారు." రోజూ చెప్పే పరాచికమే కాబట్టి జనం నవ్వడానికి కాస్త విరామమిచ్చి, "మందు ఎక్కువ కూరాడండీ పేల్చేవాడు," అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు ఆయన.

గైడు తడబడ్డాడు. "అంటే... అలాగే చెప్తారండీ."

"పోతపోసినవాడిది కావచ్చుగా తప్పు? లోపల బీట ఉండొచ్చుగా? పోయినవాడు వచ్చి చెప్పడు కాబట్టి వాడి మీద తోసేస్తారా?"

చుట్టూ ఉన్న జనం తిరిగి చూశారు. ఎండదెబ్బేమో అనుకుని ఆమె నీడకి తీసుకెళ్ళి నీళ్ళు తాగించింది. తమ్ముడి కోసం అంతగా అడిగాడని లోలోపల ఆమెకి జాలేసింది కూడా. ఇన్నేళ్ళకైనా వాడి తరఫున ఒక మాట అన్నాడు కదా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే మ్యూజియానికి వెళ్ళారు. ఊరి చివర ఇసుకలో, పాత విమానాల షెడ్డుని బాగుచేసి కట్టారు. ముందు ఆవరణలో రాకెట్టు నిలబెట్టి ఉంది. ఆయన దాని కింద నిలబడి తల పూర్తిగా వెనక్కి వంచి, ఆ సన్నటి చూపుతో కొంచెం కొంచెంగా కింది నుంచి కొన దాకా చూశాడు. చాలాసేపు పట్టింది. ఆమె అనుకున్నట్టు మొహం వెలగలేదు.

"చూశారుగా, ఇక పోదామా?" అంది.

"లోపల ఒక గోడ ఉందట. మా ఫ్యాక్టరీ చరిత్రంతా రాశారట. పాత సహోద్యోగి ఒకడు ఫోన్లో చెప్పాడు. అది చదివి వినిపించు."

లోపల చల్లగా ఉంది. బడిపిల్లల గుంపొకటి చంద్రుడి మట్టి నమూనా చుట్టూ మూగి గోలగోలగా ఉంది. ఆ గోడ చివరి గదిలో, కాస్త వెలుగు తక్కువైన చోట ఉంది. పెద్ద పలక, దాని పక్కన యార్డు ఫోటో, ముందు ఒక బెంచీ. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె నిలబడి చదవసాగింది. అచ్చులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర ఊపిరి తీసుకుని చదవడం ఆమె వృత్తి. మొదటి పేరా ఫ్యాక్టరీ పుట్టుక. రెండో పేరా మొదటి ఇంజను. మూడో పేరా మొదలుపెట్టాక గాని అదేమిటో ఆమెకి తెలియలేదు.

"'పరీక్ష వాయిదా పడిన తరువాత, పైపులో ఒత్తిడి మిగిలి ఉన్నదో లేదో గేజిలో చూసుకొనకుండా ఒక టెక్నీషియన్ వాల్వును విప్పడం వలన పేలుడు సంభవించిందని విచారణ సంఘం నిర్దారించింది. సదరు టెక్నీషియన్‌తో సహా ముగ్గురు మరణించారు.'"

నిర్ధారించింది అనాల్సినచోట ఒత్తు పడలేదు. ఆమె కన్ను ముందు దాని మీదే పడింది. ఆ తర్వాత గాని అర్థం తలకెక్కలేదు. వాణ్ణి ఇక్కడ కూడా వదిలిపెట్టలేదు. రోజూ వందమంది చదివేలా గోడకెక్కించారు.

"ఇది చదివించడానికా నన్నింత దూరం తీసుకొచ్చారు?"

ఆయన తలెత్తలేదు. "అది అబద్ధం," అన్నాడు.

"ఏది?"

"చూసుకోకుండా అన్న మాట. చంటి గేజి చూశాడు. చూడకుండా వాడు దేన్నీ ముట్టుకోడు. దాని ముల్లు సున్నా మీద ఉండి ఉంటుంది. ఆ గేజి పాడైంది."

ఆయన ఆగి ఆగి చెప్పాడు. గేజిలన్నీ ఆర్నెల్లకోసారి పరీక్ష బల్ల మీద పెట్టి, ముల్లు సరిగ్గా కదులుతోందో లేదో చూసి, సంతకం చేసిన చీటీ కట్టాలి. అది ఆయన పని. ఆ నెల బల్ల పాడైంది. బాగుచేసేవాడు వారం తర్వాత వస్తానన్నాడు. పైవాళ్ళు తేదీ దాటడానికి వీల్లేదని ఒకటే పోరు. పధ్నాలుగు గేజిలు. ఒక్కదాన్నీ చూడకుండా పధ్నాలుగింటికీ చీటీలు కట్టేశాడు.

"పేలుడుకి రెండు రోజుల ముందు వాడు నా దగ్గరికొచ్చాడు. 'బావా, ఆ మూడో నంబరు గేజి ముల్లు బద్ధకంగా కదులుతోంది, ఓసారి చూడవా?' అన్నాడు. 'చూసే చీటీ కట్టానురా, బానే ఉంది, పోయి పని చూసుకో' అన్నాను. 'సరే బావా' అని నవ్వి వెళ్ళిపోయాడు."

పక్క గదిలో పిల్లలు ఏదో మీట నొక్కినట్టున్నారు, రాకెట్టు లేచే చప్పుడు రికార్డు మోగింది. అది ఆగాక ఆమె అడిగింది.

"విచారణలో మిమ్మల్ని అడగలేదా?"

"అడిగారు. చీటీ చూపించాను. చీటీ మీద తేదీ ఉంది, సంతకం ఉంది. గేజి కాలి ముద్దయిపోయింది. ఇంకేం కావాలి వాళ్ళకి?" ఆయన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "మొదటి రోజు చెప్పలేకపోయాను. రెండో రోజు చెప్తే, మొదటి రోజు ఎందుకు చెప్పలేదంటారు. నెల పోయాక నెల రోజులెందుకు దాచావంటారు. అలా అలా ఇరవై ఒక్కేళ్ళు. ఈ గోడ సంగతి విన్నాక నిద్రపట్టలేదు. నీ గొంతుతో వింటే నోరు పెగులుతుందనుకున్నాను."

ఆమె గోడకి చెయ్యి ఆనించింది.

"వాణ్ణి సాగనంపిన రోజు నేనేమన్నానో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పండి."

"వద్దు."

"చెప్పండి!"

"'ఎంత పని చేశావురా చంటీ, నువ్వు పోయింది చాలక ఇద్దర్ని తీసుకుపోయావు' అన్నావు."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"నీ పక్కనే. నువ్వు పడిపోకుండా పట్టుకున్నాను."

"విచారణలో చెప్పలేకపోయారు సరే. ఇంట్లో నాకు చెప్పొచ్చుగా? ఒక్కదానికి, చెవిలో చెప్పొచ్చుగా? నా తమ్ముడు హంతకుడని నేనే నమ్మాను కదండీ!"

ఆమె వెనక్కి తిరిగి చకచకా నడిచి బయటకు వచ్చేసింది. కారెక్కి, ఇంజను వేసి, గేటు దాటి, సముద్రం పక్క రోడ్డు పట్టింది. ఎక్కడికో ఆమెకే తెలియదు. ఆయన్ని ఆ బెంచీ మీదే వదిలేసి ఇంటికి వెళ్ళిపోదామనే అనుకుంది. చేతికర్ర కూడా లేని మనిషి. లాడ్జి పేరు సరిగ్గా చెప్పగలడో లేడో. పోనీ, తడుముకోనీ అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

నాలుగు మైళ్ళు పోయాక, వలలు ఆరేసిన ఒక ఒడ్డు దగ్గర కారాపింది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. చంటి మొహం గుర్తు తెచ్చుకోబోతే, 'సరే బావా' అని నవ్వి వెళ్ళిపోతున్న వీపు మాత్రమే కళ్ళ ముందు కదిలింది. తను చూడనే లేదు ఆ వీపుని. వాడు గేజి ముందు నిలబడి ఉంటాడు. ముల్లు సున్నా మీద ఉంటుంది. అనుమానం వచ్చే ఉంటుంది. బావ చూశానన్నాడుగా అనుకుని ఉంటాడు. ఆ తలపు దగ్గర ఆమె కారు అద్దం దించింది.

చాలాసేపటికి కారు వెనక్కి తిప్పింది. జాలిపడి కాదు. ఆ మాట తెలిసినవాడు భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు. ఆయన నోరు మూతపడితే ఆ గోడ మీది మూడో పేరా శాశ్వతమైపోతుంది.

ఆయన అదే బెంచీ మీద, అదే వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. కాపలావాడు గ్లాసుతో నీళ్ళిచ్చినట్టున్నాడు, పక్కన అలాగే ఉన్నాయి.

"లేవండి," అంది.

మ్యూజియం అధికారిణి ముప్ఫై దాటని అమ్మాయి. సాదరంగా కూర్చోబెట్టింది. విషయం వింటున్నకొద్దీ ఆ అమ్మాయి చేతిలో పెన్ను కదలడం ఆగిపోయింది.

"మేడం, గోడ మీది రాతలు మావి కావండి. విచారణ నివేదికలోంచి తీసుకున్నవి. ఆధారం లేకుండా ఒక్క అక్షరం కూడా మార్చే అధికారం నాకు లేదు."

"ఆధారం మీ ముందు కుర్చీలో కూర్చుంది. కాగితాలివ్వండి."

ఆయన చెప్పాడు, ఆమె రాసింది. తేదీలు, గేజి నంబర్లు, అప్పటి పై అధికారి అన్న మాటలు, చంటి అడిగింది, తను చెప్పింది. రాసేటప్పుడు ఆమె చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా, నిలకడగా ఉంది. ఒక్కచోట ఆగింది.

"'సరిగ్గా పరీక్షించకుండా సంతకం చేశాను' అన్నారు. సరిగ్గా అన్న మాట కొట్టేస్తున్నాను. మీరసలు పరీక్షించలేదు."

"కొట్టెయ్యి," అన్నాడు ఆయన.

సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకి కనిపించలేదు. ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ గీత మీద ఆనించి, వెంటనే చెయ్యి తీసేసింది.

తిరుగు ప్రయాణంలో ఆయన గేర్ల మాట ఎత్తలేదు. దారిలో ఒక టీ దుకాణం దగ్గర ఆమె కారాపి, ఆయన్ని లోపలే ఉంచి, కాస్త దూరంగా వెళ్ళి మరదలికి ఫోను చేసింది. చంటి భార్య ఇప్పుడు ఒక ఆసుపత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటోంది. ఈమె ఏదీ దాచకుండా, మెత్తబరచకుండా మొత్తం చెప్పింది. అవతల్నుంచి ఎంతకీ చప్పుడు లేదు.

"ఉన్నావా అమ్మా?"

"ఉన్నాను వదినా." ఏదో తలుపు మూసిన చప్పుడైంది. "నేను మీ తమ్ముణ్ణి తిట్టుకుంటూ బతికాను. ఇద్దర్ని చంపినవాడి కోసం ఏడ్చి ఓదార్పు పొందకూడదని తిట్టుకున్నాను. పిల్ల నాన్న ఎలాంటివాడని అడిగితే, నిర్లక్ష్యపు మనిషి, నువ్వలా కావొద్దు అని చెప్పి పెంచాను. ఇప్పుడా వదినా చెప్పడం? ఇప్పుడు నేనేం చేసుకోను ఈ మాటని?"

ఆమె ఫోను చెవికి పెట్టుకుని, మరదలు ఏడుస్తున్నంతసేపూ నిలబడింది. టీ చల్లారి మీగడ కట్టింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు కాగితాలు తిరిగాయి. ఇద్దరు అధికారులు ఇంటికొచ్చి ఆయన వాంగ్మూలం మళ్ళీ తీసుకున్నారు. అప్పటి పై అధికారి ముసలితనంలో కూడా తడుముకోకుండా, తనకేమీ గుర్తులేదని రాసిచ్చాడు. విచారణ సంఘంలో ఒక్కరే బతికి ఉన్నారు, ఆయనకి మనుషుల్ని గుర్తుపట్టే స్థితి లేదు. చివరికి మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. మూడో పేరాలో టెక్నీషియన్ గురించిన వాక్యం తీసేశారట. 'పేలుడుకు కచ్చితమైన కారణం తెలియరాలేదు' అని పెట్టారట. ఆమె ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తెలిసిన కారణాన్ని తెలియదన్నారు. కానీ వాడు దోషి అన్న మాట పోయింది. అంతవరకే దొరికింది.

పోయినవాళ్ళలో ఒకాయన కొడుకు రెండు ముక్కలు రాశాడు: మీ తమ్ముడి గురించి మా అమ్మ అన్న మాటలకి క్షమించండి, మీవారిని మాత్రం క్షమించలేం. ఇంకో కుటుంబం నుంచి ఏ కబురూ లేదు.

ఆమె మకాం ముందు గదిలోకి మార్చింది. ఆయనకి చేయాల్సినవన్నీ చేస్తుంది. మాట్లాడాల్సినంతే మాట్లాడుతుంది. ఆయన చూపు డాక్టరు చెప్పిన గడువు కంటే ముందే పోయింది.

చంటి కూతురు ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చింది. ఇరవై ఆరో ఏడు. తండ్రిలాగే వాకిలి దగ్గర తల కాస్త వంచి లోపలికి అడుగుపెట్టింది. నీళ్ళిస్తే వద్దంది. తిన్నగా వెళ్ళి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరూ?" అన్నాడు ఆయన.

"నేను మావయ్యా." పేరు చెప్పలేదు. ఆయనకి అర్థమైంది. లేవబోయాడు, కుర్చీ చెయ్యి దొరకక మళ్ళీ కూలబడ్డాడు.

"ఒక్కటే అడగడానికొచ్చాను. అమ్మ అడగమనలేదు, నేనే వచ్చాను. మా నాన్నకి ఆ గేజి మీద అనుమానం ఉంది కదా. మరి ఎందుకు విప్పారు?"

"నేను చూశానని చెప్పాను కాబట్టి."

"అంతేనా?"

"అంతే తల్లీ. నా మాట నమ్మాడు."

ఆ పిల్ల ఇంకేదో అంటుందని ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. తిడుతుందేమో, చెయ్యి చేసుకుంటుందేమో అనుకుంది. అడ్డుపడకూడదని కూడా అనుకుంది. ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు. ఆయన గుడ్డికళ్ళలోకి కాసేపు తేరిపార చూసి, కుర్చీని తీసినచోటే జాగ్రత్తగా పెట్టి, బయటకు నడిచింది.

ఆమె బస్టాపు దాకా తోడు వెళ్ళింది.

"నేను మళ్ళీ ఈ ఇంటికి రాను అత్తయ్యా," అంది ఆ పిల్ల. "మీరు రండి. నాన్న చిన్నప్పటి సంగతులు అమ్మకి కూడా ఎక్కువ తెలియవు. మీరొచ్చి చెప్పండి."

"వస్తాను," అంది ఆమె. "వచ్చే ఆదివారమే వస్తాను."

బస్సొచ్చింది. ఆ పిల్ల కిటికీ పక్క సీట్లో కూర్చుని చెయ్యెత్తింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది, తిరిగాక కూడా కాసేపుంది. ఇంటికి వెళ్ళాలనిపించలేదు. అయినా వెళ్ళింది. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చింది, ఆయన తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తే చెయ్యి కాల్చుకుంటాడు.